హాజరులో లేని వెల్డరు

మూడు నెలలకోసారి తవిటయ్యని పనిలోంచి తీసేసి, వారం తిరక్కుండా ఇంకొకరి పేరుతో మళ్లీ పెట్టుకునేవాడు గాజువాక కాంట్రాక్టరు. ఒకే పేరు ఎక్కువకాలం హాజరుపట్టీలో ఉంటే పర్మినెంటు అడుగుతారని వాడి భయం.

"పేరుదేటుంది బావా, సెయ్యి నీదే కదా," అని మేస్త్రీ గురువులు పళ్లికిలించేవాడు.

తన ఊరు పద్మనాభంలో వ్యవసాయం వదిలొచ్చిన రోజే పెళ్లాం అసిరమ్మకి చెప్పాడతను. "ముందు హెల్పర్ని, తరవాత వెల్డర్ని. అయిదేళ్ల అనుభవం సూపిత్తే పెద్ద ఫేక్టరీలో పర్మినెంటు." ఆ ఆశతోనే కళ్లు మండుతున్నా పని నేర్చుకున్నాడు.

అయిదేళ్లు నిండాక ఒక ఫ్యాక్టరీ వెల్డర్లని పిలిచింది. పరీక్షలో తవిటయ్య వేసిన అతుకు ఆఫీసరుకి నచ్చింది. అనుభవం ఉన్నట్టు కాంట్రాక్టరుచేత రాయించుకు రమ్మన్నాడు.

కాంట్రాక్టరు వక్కపలుకు నములుతూ విన్నాడు. "తవిటయ్యా? ఆ పేరుగలోడు నా దగ్గిర ఎప్పుడూ పన్సెయ్యలేదే."

"మరి ఈ అయిదేళ్లూ నాను ఎవుణ్ణి బాబూ?"

"నాకేటి తెలుసు? మీయమ్మనడుగు."

గురువులు కిసుక్కున నవ్వాడు. ఫ్యాక్టరీ ఉద్యోగం ఇంకెవరికో పోయింది. తవిటయ్య ఇప్పుడూ ఆ కాంట్రాక్టరు దగ్గరే, మరో కొత్త పేరుతో వెల్డింగు చేస్తున్నాడు.

మీ వీధిలో కాంట్రాక్టు కూలీలుంటారు. హాజరుపట్టీలో ఏ పేరుందో ఈరోజే అడగండి. తమది కాకపోతే, వాళ్లతో కలిసి మీరూ లేబరాఫీసుకి నడవండి.