తూర్పు గోడ మీద అరవై అయిదు అంగుళాలు

విదోయె నలభై ఏళ్లు వడ్రంగి పని చేశాడు. చాచక్ పట్టణంలో సగం ఇళ్లలో టీవీ పెట్టుకునే చెక్క బీరువాలు అతని చేతి మీదుగా వెళ్లినవే. టీవీలు పెరిగినకొద్దీ బీరువాలూ పెంచుకుంటూ వచ్చాడు. పెట్టెల్లాంటి టీవీలు పోయి పలకల్లాంటివి వచ్చి గోడకెక్కాక, బీరువాలు అడిగే నాథుడు లేక పని మానేశాడు. ఊళ్లో వాళ్ల టీవీలకు సింహాసనాలు కట్టిన ఈ మహానుభావుడు తన ఇంట్లో మాత్రం, బావమరిది పారేయబోతే తెచ్చుకున్న చిన్న టీవీ ముందు పద్నాలుగేళ్లు కళ్లు చికిలించుకుని కూర్చున్నాడు. ఆ సెప్టెంబరులో దానికీ రోజులు దగ్గర పడ్డాయి. తెర మధ్యన పచ్చటి గీత పడి, ఆటగాళ్లందరూ నడుం దగ్గర రెండు ముక్కలై పరిగెత్తసాగారు.

అతని భార్య దెసంక ఆ గీతని ఒక వారం ఓర్చుకుంది. సాయంత్రం అయిదింటికి టర్కీ సీరియల్ చూడకపోతే ఆవిడకి పొద్దు గడవదు.

“ఆ పిల్ల ఏడుస్తుంటే కన్నీళ్లు పచ్చగా కారుతున్నాయయ్యా. ఏడవాలో నవ్వాలో తెలియడం లేదు నాకు,” అంది.

కింది అంతస్తు జివాన్ మెట్ల మీద కనబడి ఇంకాస్త ఆజ్యం పోశాడు.

“స్మార్ట్ టీవీ కొను విదోయె! మాది యాభై అయిదు అంగుళాలు. మైదానంలో గడ్డిపరకలు లెక్కపెట్టొచ్చు.”

“నీకు లెక్కలొచ్చని ఇవాళే వింటున్నాను,” అన్నాడు విదోయె. అన్నాడు గానీ, యాభై అయిదనే అంకె అతని బుర్రలో మేకులా దిగబడింది.

పెద్ద తెర మీద అతనికి ఆశ ఇవాళ్టిది కాదు. పదేళ్ల వయసులో, కొండ మీది వాళ్ల ఊళ్లో ఒకే ఒక్క టీవీ ఉండేది, సహకార సంఘం హాల్లో. పెద్ద మ్యాచ్ వచ్చిందంటే ఊరంతా అక్కడే. వెనకాల నిలబడ్డ విదోయెకు కనబడేవి పెద్దవాళ్ల వీపులు. అలాంటి ఒక రోజు అన్న మిలిసావ్ వాణ్ని భుజాల మీదికి ఎత్తుకున్నాడు. తల వంచుకుని, ఆటంతా ఆ బరువు మోస్తూ నిలబడ్డాడు. కాసేపటికోసారి కింద నుంచి, “కనిపిస్తోందిరా?” అని అడిగేవాడు. “కనిపిస్తోందన్నయ్యా!” అని వీడు అరిచేవాడు. ఆ రోజు అన్నకి ఒక్క గోలు కూడా కనబడలేదని విదోయెకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.

అసలు చిక్కు గోడతో వచ్చింది. ముందుగదికి నాలుగు గోడలున్నా పడమటి దానికి కిటికీ, ఉత్తరం దానికి పొయ్యి గొట్టం, దక్షిణం దానికి తలుపు. మిగిలింది తూర్పు గోడ. ఆ గోడ మీద ఎర్ర గుర్రమెక్కి దిమిత్రి పునీతుడు ఉన్నాడు. విదోయె వంశానికి ఆయన ఇలవేల్పు. ఏటా నవంబరు ఎనిమిదిన ఆయన పండుగ, స్లావా, ఆ పటం ముందే జరగాలి. ఇలవేల్పు పటం తూర్పునే ఉండాలి, దాని ముందు దీపం ఉండాలి. ఇది చర్చి మొహం చూడని వాళ్లు కూడా తప్పని మాట.

ఆ పటం తండ్రి నుంచి పెద్దకొడుకు మిలిసావ్‌కు వచ్చింది. మిలిసావ్‌కు పిల్లల్లేరు, భార్య పోయింది, ఆపైన నీటికాసుల జబ్బు రెండు కళ్లనీ తినేసింది. వెలుతురూ చీకటీ తప్ప ఇంకేమీ తెలియని స్థితికి వచ్చాక, నాలుగేళ్ల క్రితం పటాన్ని దిండు గలేబులో చుట్టి బస్సులో తెచ్చాడు.

“దీపం పెట్టబోయి చేతులు కాల్చుకుంటున్నానురా. ఇక నుంచి స్లావా నీ ఇంట్లో. నేను చుట్టంలా వచ్చిపోతాను,” అన్నాడు. తూర్పు గోడకు తమ్ముడి చేతే మేకు కొట్టించి, తన చేత్తో తగిలించాడు.

పటం చట్రానికి కుడివైపు కింది మూలన ఒక చెక్కుడు ఉంది. విదోయె తన ఏడేళ్లప్పుడు, నాన్న బాడిస తీసుకుని ఆడుతూ చేసిన గాయం అది. ఎవడి పని అని నాన్న బెల్టు తీస్తే, “నేనే,” అని మిలిసావ్ ముందుకొచ్చాడు. నాలుగు రోజులు బోర్లా పడుకున్నాడు. అందుకే ఏటా స్లావా రోజున పటాన్ని ముద్దుపెట్టుకుని, బొటనవేలితో ఆ చెక్కుడు తడిమి, “నీ దొంగతనం ఇంకా ఇక్కడే ఉందిరోయ్,” అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. విదోయె అందరికంటే గట్టిగా నవ్వేవాడు.

ఇదంతా తెలిసే విదోయె టీవీల దుకాణానికి వెళ్లాడు. తెలియక చేసిన తప్పయితే ఈ కథే లేదు.

దుకాణంలో గోడ పొడవునా టీవీలు. అన్నింట్లో ఒకే సముద్రం, ఒకే తాబేలు. నలభై మూడు అంగుళాల దాని ముందు దెసంక ఆగింది. “ఇది చాలదూ? కింద బల్ల మీద పడుతుంది,” అంది. ఆవిడ చెప్పని మిగతా సగం విదోయెకు వినబడింది: పైన పటం పటంలాగే ఉంటుంది.

అతను ఊఁ అన్నాడు. కాళ్లు మాత్రం చివరి దాకా నడిచాయి. అక్కడ అరవై అయిదు. తాబేలు మెడ మీది ముడతలు కూడా లెక్కకొస్తున్నాయి. జివాన్ గడ్డిపరకలు దీని ముందు ఏ మూలకి?

అమ్మే పిల్ల రిమోట్ అతని నోటి దగ్గర పెట్టింది. “ఏదైనా అడగండి తాతయ్యా, అదే వెతికి పెడుతుంది.”

“నలభై ఏళ్లుగా మా ఆవిణ్ని అడుగుతున్నాను, ఆవిడ వెతికి పెట్టదు,” అన్నాడు విదోయె. ఆ పిల్ల నవ్వింది, దెసంక నవ్వలేదు.

“గోడకి బిగిస్తారా? గోడ మీద అల్మారాలు, పటాలు ఏమైనా ఉన్నాయా?”

“ఏమీ లేవు,” అన్నాడు విదోయె.

దెసంక తల తిప్పి చూసింది. అతను తాబేలును చూస్తున్నాడు. ఆవిడైనా నోరు విప్పి ఒక్క మాట అనొచ్చు. కానీ అప్పుడే ఆ పిల్ల మీట నొక్కి టర్కీ సీరియల్ పెట్టింది. ఆ హీరోయిన్ గోడంత ముఖంతో, తెల్లటి కన్నీళ్లతో ఏడ్చింది. ఇంటిదాకా ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు.

బిగించేవాళ్లు వచ్చిన రోజు పటాన్ని విదోయె తనే దించాడు. టీవీకీ పైకప్పుకీ మధ్య జానెడు జాగా మిగిలింది. పటం జానెడున్నర. నడవాలో, చెప్పుల అర పైన, కోట్లు తగిలించే కొక్కేల పక్కనున్న మేకుకు తగిలించాడు. అక్కడ దీపం పెట్టడానికి లేదు, కోట్లు అంటుకుంటాయి.

“నాలుగు రోజులే. స్లావా ముందు టీవీ దించేస్తాను, మళ్లీ పటం ఎక్కిస్తాను,” అన్నాడు.

“నేనేం అడిగానని?” అంది దెసంక.

అడగలేదు నిజమే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడగని వాటికి జవాబులు చెప్పడం ఆ రోజు నుంచే మొదలైంది. బొమ్మ అద్భుతంగా ఉంది, అబద్ధమెందుకు. కానీ నాలుగేళ్ల దీపం పొగ గోడ మీద వేసిన నల్లటి మచ్చ టీవీ పై అంచు దాటి కనబడుతూనే ఉంది. మంచి ఆట మధ్యలో విదోయె కళ్లు అక్కడికే పోయేవి. గెలిచినా ఇదివరకటిలా కుర్చీలోంచి లేచి అరవలేకపోయాడు.

పండుగకు వారం ముందు నీళ్లు మంత్రించడానికి ఫాదర్ వచ్చాడు. విదోయె పటాన్ని గబగబా తెచ్చి, బల్ల మీద పంచదార డబ్బాకు ఆనించి నిలబెట్టాడు. ఫాదర్ ప్రార్థన చదివాడు, తులసి కొమ్మతో గదంతా నీళ్లు చల్లాడు, టీవీ మీద కూడా నాలుగు చుక్కలు పడ్డాయి. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు.

“ఎన్ని అంగుళాలు?”

“అరవై అయిదు, ఫాదర్.”

“ఊఁ. మాది యాభై,” అని నిట్టూర్చి ఫాదర్ మెట్లు దిగాడు.

తిట్టి ఉంటే విదోయె ఆ సాయంత్రమే టీవీ దించేసేవాడు. తిట్టలేదు కనక ఆగాడు. దించడానికి ఇద్దరు మనుషులు కావాలి. జివాన్‌ను పిలిస్తే శనివారం వస్తానన్నాడు, శనివారం మ్యాచ్ ఉంది. ఆదివారం వాన. అలా అలా స్లావా తెల్లవారింది, టీవీ గోడ మీదే ఉంది. సరే, ఫాదర్‌కు చూపించినట్టే బల్ల మీద నిలబెడదాం, అన్న వచ్చేది మధ్యాహ్నం బస్సుకే కదా అనుకున్నాడు. బల్లంతా దెసంక అప్పటికే పరిచేసింది: అచ్చు వేసిన పండుగ రొట్టె, అక్రోటు పొడి కలిపిన గోధుమల ముద్ద, క్యాబేజీ ఆకుల్లో చుట్టిన మాంసం.

మిలిసావ్ ఉదయం బస్సుకే వచ్చేశాడు. డ్రైవరు చెయ్యి పట్టుకుని గేటు దాకా దింపాడు. మూడంతస్తుల మెట్లు లెక్కపెట్టుకుంటూ ఆయనే ఎక్కాడు. విదోయె వంటగదిలో సారా సీసా మూత తీస్తున్నాడు. తలుపు తీసింది దెసంక.

“పండుగ శుభాకాంక్షలమ్మా! ముసలివాణ్ని కదా, నిద్ర పట్టక ముందే బయల్దేరాను.”

“రండి బావగారూ, ఇలా... కాస్త కూర్చోండి ముందు,” అంటూ దెసంక తడి కోటు తీసుకుంది. కంగారులో దగ్గరి కొక్కేనికి తగిలించింది. అది పటం ముందే వేలాడింది.

“ముందు ఆయన్ని చూడాలి గదమ్మా,” అన్నాడు మిలిసావ్.

ముందుగదిలో ఆయనకు దారి చెప్పనక్కర్లేదు. గుమ్మం నుంచి ఆరడుగులు, తూర్పుకి. జివాన్ దంపతులు అప్పటికే బల్ల దగ్గర కూర్చున్నారు. సీసాతో వచ్చిన విదోయె గుమ్మంలో ఆగిపోయాడు. ఒక్క మాట అంటే చాలు. అన్నయ్యా, ఆగు. అంతే. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

మిలిసావ్ టోపీ తీశాడు. మూడుసార్లు శిలువ గీసుకున్నాడు. వంగి, నల్లటి అద్దాన్ని ముద్దుపెట్టుకున్నాడు.

“దీపం పెట్టలేదేమిరా ఇంకా?” అన్నాడు వెనక్కి తిరక్కుండా.

“ఇప్పుడే అన్నయ్యా.”

బొటనవేలు కుడివైపు కిందికి దిగింది. మూల తగల్లేదు. ఇంకా దిగింది. అద్దమే. చెయ్యి పక్కకి జరిపాడు. అక్కడా అద్దమే.

“ఇదేమిట్రా, అంచు లేదు? పెద్ద చట్రం కట్టావా?”

“అవునన్నయ్యా,” అన్నాడు విదోయె.

“వడ్రంగివి, కట్టకుండా ఉంటావా. బానే ఉంది, నున్నగా ఉంది.” మిలిసావ్ చెయ్యి అద్దం మీద ఇంకా వెతుకుతూనే ఉంది. “పాత చట్రం పారేశావా? ఆ చెక్కుడు ఉండనివ్వాల్సిందిరా. ఆయన ముఖం నాకు గుర్తు లేదు. గుర్రం రంగు కూడా మర్చిపోయాను. నా వేలికి తెలిసింది అదొక్కటే.”

జివాన్ పళ్లెంలోకి చూస్తున్నాడు. దెసంక కొంగుతో కళ్లు ఒత్తుకోలేదు, ఆవిడకు కొంగు లేదు. చేతిలో ఉన్న గిన్నె తుడిచే గుడ్డనే నోటికి అడ్డం పెట్టుకుంది. విదోయె సీసా కింద పెట్టి నడవాలోకి వెళ్లాడు. తడి కోటు పక్కకి తోసి పటం తీశాడు. అద్దం మీద కోటు తడి అంటుకుంది. చొక్కాకు తుడిచి, తెచ్చి అన్న చేతుల్లో పెట్టాడు.

మిలిసావ్ బొటనవేలు ఈసారి వెతుక్కోలేదు. నేరుగా చెక్కుడు మీదికి పోయింది. ఆయన ముఖం విచ్చుకుంది.

“ఇదిగో! ఇక్కడే ఉంది నీ దొంగతనం!” అన్నాడు. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. “మరి ఇందాక నేను ముద్దుపెట్టుకున్నది దేన్నిరా?”

“టీవీని, అన్నయ్యా.”

ఎవరూ నవ్వలేదు. మిలిసావ్ చేతి రుమాలు తీసి పెదవులు తుడుచుకున్నాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. బెల్టు దెబ్బలు ఆ వేళ తను తిని ఉంటే ఎంత బాగుండేదని విదోయెకు అనిపించింది.

“పెద్దదేనా?” అని అడిగాడు మిలిసావ్. గొంతులో కోపం లేదు, అదే భరించలేకుండా ఉంది.

“పెద్దదే. అరవై అయిదు అంగుళాలు.”

పటాన్ని గుండెకు ఆనించుకుని మిలిసావ్ తమ్ముడి వైపు, తమ్ముడు ఉంటాడనుకున్న వైపు, తల తిప్పాడు.

“కనిపిస్తోందిరా?” అన్నాడు.