అంకుల్, ఐస్ హాకీ, అచ్చులో నా మొదటి తప్పు

మొన్న ఆదివారం పొద్దున ఆంటీ ఫోన్ చేశారు. "అంకుల్ వెళ్లిపోయారమ్మా" అన్నారు. అమెరికాలో, పార్సిప్పనీ ఊళ్లో మా పక్క అపార్ట్‌మెంట్ అంకుల్. చుట్టరికం ఏమీ లేదు. అయినా ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చాను. మీరాయన్ని ఎరగరు కనుక కాస్త చెప్పుకోనివ్వండి.

అంకుల్‌ది కాకినాడ. కాలేజీ రోజుల్లో మట్టి మైదానంలో హాకీ ఆడారట. ఎనభైల్లో మా రాష్ట్రానికి కొత్తగా ఐస్ హాకీ టీమ్ వస్తే, మనవాళ్లంతా "ఆ కొట్లాట మనకెందుకు" అన్నారు. ఆయన మాత్రం టీవీకి మూరెడు దూరంలో కుర్చీ వేసుకున్నారు. గోల్ కాసే గోలీ మోకాలు ఎందుకు తడుముకుంటున్నాడు, బెంచీ మీద ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు, ఇవన్నీ ఆయనకు కావాలి. స్కోరు అడిగితే "పేపర్లో వస్తుందిగా" అనేవారు.

నేనప్పుడు ఎనిమిదో క్లాసు. స్కూల్ పేపర్లో స్పోర్ట్స్ పేజీకి రాయాలని ఒకటే యావ. అబ్బాయిలు తప్ప ఎవరూ రాసేవారు కాదు. మా టీమ్‌కూ, నది అవతలి టీమ్‌కూ రాబోయే మ్యాచ్ మీద ప్రివ్యూ రాసిమ్మన్నారు. బాగుంటే సీజనంతా నాకే ఇస్తారట.

అంకుల్ దగ్గరికి పరిగెత్తాను.

"అంకుల్, ఎవరు విన్ అవుతారు?"

"నాకేం తెలుసమ్మా! ప్రివ్యూ అంటే జాతకం చెప్పడం కాదు. చూసేవాడికి ఎక్కడ చూడాలో చెప్పు, చాలు."

ఇద్దరం కూర్చుని పాత మ్యాచ్ టేపు చూశాం. మావాళ్లలో చాలామంది కర్ర పై కొసన కుడిచెయ్యి, దాని కింద ఎడమచెయ్యి పెట్టి పట్టుకున్నారు. "క్రికెట్‌లో బ్యాట్ అలా పట్టుకుంటే లెఫ్ట్‌హ్యాండరే. ఇంతమంది లెఫ్ట్‌హ్యాండర్లా! ఇదే రాసెయ్" అన్నారు. రాశాను. అచ్చయింది.

సోమవారం లంచ్ టేబుల్ దగ్గర ఒకటే నవ్వులు. అలా పట్టుకునేవాళ్లలో ఎక్కువమంది కుడిచేతివాటం వాళ్లేనట. ఒకడు నా ముందే ఎడమచేత్తో సూప్ ఒలకబోసుకుంటూ తాగి చూపించాడు. ఇంటికొచ్చి, ఇక జన్మలో రాయనని చెప్పేశాను. అంకుల్ మీద కోపం దాచుకోలేదు. "మీ వల్లే అందరూ లాఫ్ చేశారు!"

ఆయన సారీ చెప్పారు. చెప్పిన మరుక్షణం "మరి ఎందుకలా పట్టుకుంటారంటావ్?" అని అడిగారు. నాకు ఒళ్లు మండింది.

శనివారం నన్ను కారెక్కించుకుని టీమ్ ప్రాక్టీస్ చేసే చోటికి తీసుకెళ్లారు. బయటికొచ్చిన ఒక ఆటగాడు కర్ర చంకలో పెట్టుకుని పిల్లలకు సంతకాలు పెడుతున్నాడు, కుడిచేత్తో. అంకుల్ మంకీ క్యాప్ తీసేసి ఎదురెళ్లారు. "సార్, యూ సైన్ విత్ దిస్ హ్యాండ్. దెన్ వై ద స్టిక్ లైక్ దట్?" నేను సిగ్గుతో కారు వెనక్కి పోయాను. అతను నవ్వలేదు. ఆటలో చాలాసార్లు కర్రను ఒంటిచేత్తోనే పట్టుకోవాల్సి వస్తుందని, అందుకే బలమున్న చెయ్యి పైన ఉంచుతామని ఓపిగ్గా చూపించాడు.

తిరిగొస్తూ దారంతా అంకుల్ ఆనందం పట్టలేకపోయారు. "తప్పు రాశాం కాబట్టే అడిగాం, చూశావా? లేకపోతే మనకి తెలిసేదే కాదు!"

ఆ రెండు టీమ్‌లు మళ్లీ తలపడబోయే వారం నేను ఇంకో ప్రివ్యూ రాశాను. క్రితంసారి తప్పు రాశాను, అసలు సంగతి ఇదీ అని మొదలుపెట్టాను. ఒక్క మాట కొట్టెయ్యకుండా వేశారు. సీజనంతా నాకే ఇచ్చారు. ఈనాటికీ రాసుకునే బతుకుతున్నానంటే అది ఆయన చలవే. ఈ మాట ఆయనతో ఎన్నడూ అనలేదు, ఇప్పుడు బాధగా ఉంది.

ఆ పేపర్ పట్టుకెళ్లేసరికి అంకుల్ పార్కింగ్‌లో కారు చుట్టూ మంచు తీస్తున్నారు.

"అంకుల్, వేశారు!"

"భేష్! ఉండమ్మా, ఒక్క నిమిషం."

మంచు పార పై కొసన ఎడమచెయ్యి పెట్టి ఒక గడ్డను కొట్టారు. తర్వాత కుడిచెయ్యి పైకి తెచ్చి ఇంకోటి కొట్టారు. అది దొర్లుకుంటూ పోయి మా నాన్న కారు టైరుకు తగిలింది. ఆయన దానివైపు కాసేపు చూసి, మళ్లీ చేతులు మార్చారు.