చేప గుర్తు దువ్వెన

అమెరికాలో మా ఊరు లెమిన్‌స్టర్‌లో సగం ఇళ్ళు ప్లాస్టిక్ దువ్వెనల మీదే బతికాయి. ఫ్యాక్టరీలో నా పక్క మెషీన్ ఒడీల్ రోబిషోది. రోజూ అచ్చులోంచి ఊడిపడ్డ తొలి దువ్వెనను రెండు కొసలూ కలిసేదాకా వంచి వదిలేది. అది టక్కున నిటారుగా లేస్తే, "దీనికి చావు లేదే!" అని షెడ్డు అదిరేలా కేక పెట్టేది. పైగా ఫోర్‌మన్ కన్నుగప్పి అచ్చులో ఓ మూల చిన్న చేప గీసింది. ఆ అచ్చులో తయారైన ప్రతి దువ్వెన మీదా ఆ చేప పడేది.

రిటైరయ్యాక ఓ వేసవిలో ఇద్దరం హాంప్టన్ బీచ్‌కి వెళ్ళాం. నాచు కుప్పలు తొక్కుకుంటూ నడుస్తున్న ఒడీల్ ఉన్నట్టుండి వంగి, ఏదో పైకెత్తి గంతులేసింది.

"ఒసేయ్ మారియెట్, చూడవే, నా చేప! ఇన్నేళ్ళు సముద్రంలో నానినా ఒక్క పన్ను ఊడలేదు. మనకే ఊడాయి!"

నాకూ ఒళ్ళు పులకరించింది. "వంచవే, వంచి చూడు!" అని అరిచాను.

వంచి వదిలింది. టక్కున లేచింది.

"దీనికి చావు లేదే!" ఒడ్డున ఉన్నవాళ్ళంతా మావైపు తిరిగారు. నేను చప్పట్లు కొట్టాను.

నవ్వుతూనే సముద్రం వైపు చూసిన ఒడీల్, చూపు తిప్పుకోలేదు.

"అంటే మారియెట్, మనం చేసిన దువ్వెనల్లో వేటికీ చావు లేదన్నమాటే."