గద్ద అని రాసి ఉన్న మూట

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక ఆగస్టు ఆదివారం పొద్దున పడిన డ్యూటీ ఇది. పడమటి సిడ్నీలోని మా ప్రభుత్వ ఆసుపత్రిలో, ఒక మ్యూజియం పంపే రెండు ఈజిప్టు మమ్మీలకు సీటీ స్కాన్ తీయాలి. అప్పటికి ఆ విభాగానికి నేను చీఫ్ రేడియోగ్రాఫర్‌ని. చాలామంది మమ్మల్ని డాక్టర్లనుకుంటారు. కాదు. యంత్రం నడిపి బొమ్మ తీసేది మేము, దాన్ని చదివి రిపోర్టు రాసేది రేడియాలజిస్టు. బొమ్మ సరిగ్గా రాకపోతే తిట్లు మాత్రం మాకే.

ఆదివారమైతే బయటి పేషెంట్లు ఉండరు. అయినా ఒక షరతు పెట్టాను. ఎమర్జెన్సీ నుంచి ఎవరైనా వస్తే మమ్మీలు పక్కకు తప్పుకోవాలి. రెండు వేల ఏళ్లు ఆగినవాళ్లు ఇంకో అరగంట ఆగలేరా అని మ్యూజియం అధికారిణి హెలెన్‌తో అన్నాను. ఆమె నవ్వలేదు.

మొదటిది ఒక పెద్దావిడ మమ్మీ. రెండోది మూరెడు కూడా లేని మూట. పొరలు పొరలుగా నారబట్ట చుట్టి, పైన బంగారు పూతతో గద్ద ముఖం పెట్టారు. 'గద్ద, దేవుడికి మొక్కుబడి' అని దాని పాత లేబుల్ మీద ఉంది. గద్ద తల ఉన్న హోరస్ అనే దేవుడికి పోట్లాటలో కన్ను పోయి, మళ్లీ బాగైందని వాళ్ల కథ. అందుకని జబ్బు పడ్డవాళ్లు ఆయనకు మొక్కుకుని గద్దను ఇలా చుట్టి సమర్పించేవారని హెలెన్ చెప్పింది. మనవాళ్లు చూపు బాగుపడితే గుళ్లో వెండి కళ్లు సమర్పించరూ, ఇదీ అంతే అనుకున్నాను.

చిన్న శరీరాల స్కాన్ అంటే మా దగ్గర స్రవంతే చేయాలి. పసిపిల్లల స్కాన్లలో ఆమెది అందె వేసిన చెయ్యి. కరీంనగర్ పిల్ల, ఇక్కడే యూనివర్సిటీలో చదివింది, ఏడాది క్రితం వేరే ఆసుపత్రి నుంచి మా దగ్గరికి మారింది. డిపార్ట్‌మెంట్‌లో ఆంటీ అనొద్దని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టిందే గానీ ఆమె మానలేదు. అప్పుడామెకు ఐదో నెల. సీసం అద్దం వెనక కూర్చుంటే రేడియేషన్ భయం లేదు. ఆమె భయం వేరే. కడుపుతో ఉన్నవాళ్లు శవాన్ని చూడకూడదని క్వేకర్స్ హిల్‌లో వీళ్లతోనే ఉంటున్న అత్తగారు గట్టిగా చెప్పారట.

"ఆంటీ, నన్ను ఈ సండే రోస్టర్ నుంచి తీసెయ్యండి, ప్లీజ్," అని బతిమాలింది.

"పెద్దావిణ్ణి నేను చూసుకుంటాలే. నువ్వు పక్షి టైముకి రా. గద్దను చూస్తే ఏమవుతుందే తల్లీ!" అని ఆటపట్టించాను.

పెద్దావిడ పని పూర్తయి, పెట్టెలోకి చేరాకే స్రవంతి వచ్చింది. మా కంప్యూటర్ పేరు, పుట్టిన తేదీ ఇవ్వనిదే కదలదు. పేరు దగ్గర ఇంగ్లీషులో గద్ద అనే అర్థమొచ్చే 'హాక్' అని, తేదీ దగ్గర ఆ రోజు తేదీనే కొట్టాను. మూటను నేనే బల్ల మీద పెట్టి బయటికొచ్చాను. అసలు స్కాన్‌కి ముందు స్కౌట్ అని ఒకటి తీస్తాం. మామూలు ఎక్స్‌రే లాంటి బొమ్మే, ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా తీయాలో గీత గీసుకోవడానికి. అది తెర మీద పైనుంచి కిందికి మెల్లగా దిగింది.

రెక్కలు లేవు. గుండ్రటి తల, సన్నటి పక్కటెముకలు, ఛాతీ మీద ఒకదాని మీద ఒకటి వేసిన రెండు చేతులు. ఆ చేతులకు వేళ్లు. ఇన్నేళ్లుగా బొమ్మలు తీసిన దాన్ని, కళ్ల ముందున్నదేమిటో తెలుస్తూనే ఉన్నా బుర్ర ఒప్పుకోలేదు. హెలెన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆంటీ, ఇది పక్షి కాదు. బేబీ," అంది స్రవంతి.

లేచి బయటికి పదమని ఆమె కుర్చీ పట్టుకుని లాగాను. ఆమె కదల్లేదు. మొహంలో నెత్తుటి చుక్క లేదు, చేతులు మాత్రం ఆగలేదు. గీతలు గీసింది, డోస్ సరిచేసింది, "నేనే చేస్త, వదిలెయ్యండి," అంది. స్కాన్ అయ్యాక తొడ ఎముక కొలిచింది. దాని పొడవును బట్టి ఎన్నో నెలో చెప్పొచ్చు.

"ఏడో నెల," అంది. "మా పాప గూడ ఏడో నెలనే పోయింది."

ఏ పాప అని అడిగాను. పాత ఆసుపత్రిలో పనిచేసేటప్పుడు ఆమెకు ప్రాణం లేని బిడ్డ పుట్టిందట. ఏడాదిగా పక్కపక్కన కూర్చుని టీలు తాగుతున్నాం, మా ఇంటికి బార్బెక్యూ విందులకు పిలిచాను, నాకు ఆ సంగతే తెలియదు! పాపను ఎత్తుకుంటారా అని నర్సులు అడిగితే అత్తగారు వద్దన్నారట. చూస్తే మనసులో నాటుకుపోతుంది, చూడొద్దు, పేరూ పెట్టొద్దు అన్నారట. ఈమె గోడవైపు తిరిగి పడుకుంది. పాపను ఆసుపత్రి వాళ్లే పాతిపెట్టించారు. రికార్డులో 'బేబీ ఆఫ్ స్రవంతి' అనే ఉండిపోయింది.

ఈజిప్టువాళ్లు ఇలాంటి పిల్లలకు పేర్లు పెట్టేవాళ్లా అని ఆమె హెలెన్‌ని ఇంగ్లీషులో అడిగింది. హెలెన్ తెలియదనే చెప్పింది. పేరు నిలిస్తేనే పోయినవాళ్లు పరలోకంలో బతుకుతారని, పేరు చెరిగితే రెండోసారి చచ్చినట్టేనని వాళ్ల నమ్మకమట. ఈ మూట మీద పేరైతే లేదు. దేవుడి ముఖం పెడితే ఆయనే కాపాడతాడనుకున్నారేమో, అంతకు మించి చెప్పలేనంది.

"రాజులకు చేసినట్టు చేసిన్రు ఆంటీ. నేను ఒక్కసారి చూడ గూడ చూడలే," అని స్రవంతి భోరుమంది.

ఆమెను డ్రైవ్ చేయనివ్వకుండా నా కార్లో తీసుకెళ్లాను. శవాన్ని చూశాను, కడుపులో బిడ్డకేమన్నా అయితే ఎట్లా అని దారంతా అదే మాట. నాకేమో ఆ అత్తగారి మీద ఒళ్లు మండిపోతోంది. నా నోరు మంచిది కాదని మా ఆయన ఊరికే అనడు. ఈరోజు ఆవిణ్ణి కడిగి పారేయాలనే బయల్దేరాను.

తలుపు తీసింది ఆవిడే. చెప్పులు కూడా విప్పకుండా జరిగిందంతా చెప్పేశాను. మూటలో పసిబిడ్డ ఉంది, స్కాన్ తీసింది మీ కోడలే అన్నాను. అరుస్తారని చూశాను. ఆవిడ గోడ పట్టుకుని నిలబడిపోయారు. ఒక్క మాటే అడిగారు.

"బట్ట మంచిగ చుట్టిన్రా?"

నాకర్థం కాలేదు. చాలా పొరలు చుట్టారని, పైన బంగారం కూడా పూశారని చెప్పాను.

"మా పాపకు నేనే చుట్టిన," అన్నారావిడ కోడలి వైపు చూసి. "నువ్వు మందులకు నిద్రపోయినవ్. నర్సమ్మ తీస్కపోతుంటే ఆపి, నా మెత్తటి నూలుచీర చింపి చుట్టిన. జుట్టు ఎంత ఒత్తుగుండెనో! ముక్కు అచ్చం నీదే బిడ్డా."

చూడొద్దన్నదీ ఈవిడే, చూసిందీ ఈవిడే! తిట్టడానికి కూడగట్టుకున్న మాటలన్నీ ఎటు పోయాయో తెలియదు. స్రవంతి గుమ్మంలోనే కూలబడి, నాకెందుకు చెప్పలే అత్తమ్మా అని అడిగింది.

"నువ్వన్న మర్చిపోతవనుకున్న. నేను మర్వలే. రోజూ దీపం పెట్టంగ గౌరీ అని పిలుచుకుంట."

సోమవారం మా రికార్డులో 'హాక్' తీసేసి 'పసిబిడ్డ, పేరు తెలియదు' అని సరిచేసింది స్రవంతే. తర్వాత తన పాత ఆసుపత్రికి వెళ్లి, తన బిడ్డకు గౌరి అని రాయించుకుంది. ఆ డిసెంబరులో, అంటే ఇక్కడి ఎండాకాలంలో, ఆమెకు ఆరోగ్యంగా మగపిల్లాడు పుట్టాడు.

మ్యూజియం వస్తువులు ఏవొచ్చినా, స్కౌట్ చూడకముందు పేరు దగ్గర 'తెలియదు' అనే రాయాలని మా విభాగంలో రూలు పెట్టాను. నేను రిటైరయ్యేదాకా అది అమల్లో ఉంది. ఎవరి గుమ్మం ముందైనా నిలబడి వాళ్లను కడిగి పారేద్దామనిపించినప్పుడు, ఇప్పటికీ నాకు అదే రూలు.