గంజి పెట్టిన గౌన్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో గంజికి ఉన్న మర్యాద అన్నానికి ఉండేది కాదు. ఉయ్యూరు దగ్గర పల్లెలో మాది నేతపని చేసుకునే ఇల్లు. పడుగు నూలుకి గంజి పట్టించందే మగ్గం ఎక్కదు, నేసిన తానుకి మళ్ళీ గంజి చూపించందే బజారుకి వెళ్ళదు. చేత్తో పట్టుకుంటే ఫెళఫెళమనాలి. మెత్తగా వేలాడే గుడ్డ ఎవరైనా తెస్తే, తాను నేశావా తడిగుడ్డ పిండుకొచ్చావా అని వీధిలో నలుగురూ నవ్వేవాళ్ళు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బడికి పంపలేదు గాని, మా నాన్న మగ్గం గుంటలో కూర్చునే, పక్కన ఇసక పోయించి నాకు అక్షరాలు దిద్దించాడు. ఇంట్లో చదువొచ్చింది మా ఇద్దరికే.

యుద్ధం రోజులవి. నూలు దొరక్క మా వీధిలో సగం మగ్గాలు ఆగిపోయాయి. అలాంటప్పుడు బెజవాడలో ఒక ఆసుపత్రివాళ్ళు తామే నూలిచ్చి తెల్లగుడ్డ నేసిపెట్టమన్నారు. ఆపరేషన్ గదిలో డాక్టర్లు, నర్సులు తొడుక్కునే గౌన్లకి, మూతికి కట్టుకునే గుడ్డలకి, రోగి మీద కప్పే దుప్పట్లకి. ఆ పని దేవుడే పంపించాడని మా నాయనమ్మ రోజూ దణ్ణం పెట్టుకునేది. ఆపరేషన్ గది చూసుకునే నర్సమ్మగారు నూలుతో పాటు ఒక కాగితం రాసి పంపారు. నేశాక సోడా వేసి ఉడకబెట్టాలి, మూడు నీళ్ళు జాడించాలి, గంజి అన్నది ఒక్క చుక్క కూడా ఉండకూడదు. ఆరాక మసీ దుమ్మూ అంటకుండా మూటకట్టి కుట్టేయాలి. మా నాన్న అది చదివి గోడకి గుచ్చాడు. చెప్పినట్టే ఉడకబెట్టి, జాడించి, దండేల మీద ఆరేసి, ఇంకేదో పని మీద బందరు వెళ్ళాడు.

దండెం మీద వేలాడుతున్న ఆ గుడ్డ చూసి మా నాయనమ్మ మనసు పాడైపోయింది. పీనుగు మీద కప్పే గుడ్డకి తప్ప మా ఇంట్లో దేనికీ గంజి మానలేదు. బతుకుదామని ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళ మీద ఇలాంటిది కప్పుతారా అంది. కాగితంలో ఏముందో చదవమంది. చదివాను. రాసినావిడకి నేత తెలుసా అని అడిగింది. పల్చగా, కంటికి తెలియనంత గంజి కాచి, ఒక కొస తను, ఒక కొస నేను పట్టుకుని తానులన్నీ ముంచాం. మా నాన్న వచ్చేసరికి మూట కుట్టేసి ఉంది. రెండో మూటకీ నాన్న ఇంట్లో లేనప్పుడు చూసి అలాగే చేశాం. నాన్నకి చెప్పొద్దంది, చెప్పలేదు. చెడ్డపని చేస్తున్నామని ఇద్దరం అనుకోలేదు గాని, కాగితంలో ఏం రాసుందో నాకు తెలుసు.

రెండో మూట ఇవ్వడానికి వెళ్తూ మా నాన్న నన్ను కూడా బొగ్గుతో నడిచే బస్సులో బెజవాడ తీసుకెళ్ళాడు. మూట ఇచ్చేసి, కొండెక్కి అమ్మవారి దర్శనం చేసుకుని వద్దామన్నాడు. ఆసుపత్రి వరండాలో ఒకతను స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఏటి మధ్య లంకలోంచి భార్యని పడవ మీద ఒడ్డుకి దాటించి, బండిలో వేసి తెచ్చాడట. మూడు రోజులుగా నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది. కడుపు కోసి తీస్తేగాని తల్లి దక్కదని డాక్టరమ్మగారు చెప్పారట.

ఇంతలో లోపలినుంచి నర్సమ్మగారు వచ్చి మా నాన్నని పిలిచారు. నేనూ వెనకాలే వెళ్ళాను. ఆపరేషన్ గది పక్క గదిలో పెద్ద రేకు డబ్బా తెరిచి ఉంది. గౌన్లని, దుప్పట్లని అందులో పేర్చి ఆవిరి పట్టిస్తారు. ఆవిరి ప్రతి మడతలోకి పోతేనే కంటికి కనపడని పురుగు చస్తుంది. పాతవి చిరిగినవి పోగా, మిగిలినవి పొద్దుటి ఆపరేషన్లకి వాడేశారు. ఇక ఉన్నవి మా గుడ్డతో కుట్టిన కొత్త గౌన్లే. అవి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఆవిడ ఒకదాన్ని పీకి చూపించారు. పైన తడి, లోపలి మడత పొడి.

మా నాన్న వేళ్ళతో తడిమి పాలిపోయాడు. మా ఇంట్లో పెట్టింది కాదండీ, మీ చాకలి పెట్టి ఉంటాడన్నాడు. చాకలికి ఇవ్వనేలేదన్నారు ఆవిడ. కోపపడలేదు. ఒక సీసాలోంచి ఎర్రటి టింక్చరు పాత గుడ్డ మీద ఒక చుక్క వేశారు. అది ఎర్రగానే ఉంది. కొత్త గౌను మీద ఒక చుక్క వేశారు. చూస్తుండగానే సిరా ఒలికినట్టు నల్లగా, నీలంగా అయిపోయింది. గంజి ఉన్నచోట అలా అవుతుందన్నారు.

"ఎలా వచ్చిందో తెలియదండీ. ఈ మూట ఇప్పుడే తెచ్చాను, ఇదే చింపి పెట్టండి. నా మగ్గం మీద ఒట్టు," అన్నాడు మా నాన్న. ఆవిడ కత్తెర తీసుకుని మూట కుట్టు తెంపబోయారు.

"దానిక్కూడా పెట్టాం నాన్నా," అన్నాను.

మా నాన్న నన్ను కొట్టలేదు. నావైపు చూడను కూడా చూడలేదు. ఎంతసేపు పడుతుందని నర్సమ్మగారిని అడిగాడు. గంజి వదిలి, మళ్ళీ ఆవిరి పట్టేసరికి మధ్యాహ్నం దాటుతుందనీ, ఆ తల్లికి అంత వ్యవధి లేదనీ అన్నారు. మా నాన్న పంచె ఎగ్గట్టి, పెరట్లో కాగు పొయ్యి మీదకి ఎక్కించాడు. సోడా వేసి ఉడికించడం, తీసి జాడించడం, చుక్క వేసి చూడటం. నీలం. మళ్ళీ ఉడికించడం. మళ్ళీ నీలం. నేను బావినీళ్ళు మోశాను. వరండా మీదుగా వెళ్తుంటే లంక మనిషి పిలిచి, లోపల ఏం చేస్తున్నారు పాపా అని అడిగాడు. గుడ్డలు ఉడకబెడుతున్నారన్నాను.

"ఎంత జాగ్రత్త తల్లీ వీళ్ళకి," అన్నాడతను. చేతులెత్తి లోపలికి దణ్ణం పెట్టాడు.

నాలుగోసారి చుక్క ఎర్రగా నిలిచింది. ఇక ఆవిరికి ఆగలేమని, ఆ గుడ్డల్నే ఇంకోసారి మంచినీళ్ళలో తెర్లించారు. పొగలు కక్కుతున్న గౌన్లని పటకారుతో తీసి, పిండి, తడితడిగానే తొడుక్కుని డాక్టరమ్మగారూ, నర్సమ్మగారూ లోపలికి వెళ్ళారు. నర్సమ్మగారి చేతులు మోచేతులదాకా కమిలి ఉన్నాయి. గంటకి పైగా ఆలస్యమైంది. చాలాసేపటికి పసిపిల్ల ఏడుపు వినిపించింది. ఆడపిల్లన్నారు. మా నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. ఆవేళ మేము కొండెక్కలేదు.

వారం తర్వాత మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ స్తంభం దగ్గర ఎవరూ లేరు. తల్లి అయిదో రోజున జ్వరంతో పోయింది. బిడ్డని తీసుకుని అతను లంకకి వెళ్ళిపోయాడు. నర్సమ్మగారు నన్ను బల్ల మీద పక్కన కూర్చోబెట్టుకుని తనే చెప్పారు.

మా వల్లేనా అండీ అని అడిగాను. మా నాన్న కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"తెలియదమ్మా," అన్నారావిడ. "మూడు రోజులు ఇంట్లో ఉంచుకుని తెచ్చారు. వచ్చేసరికే ఒళ్ళు కాలిపోతోంది. ఆ గంట ఆలస్యమూ ఉంది. ఏది ఎంతో నాకు తెలియదు. నీ వల్ల కాదని చెప్పి నిన్ను పంపించలేను, నీ వల్లేనని చెప్పనూ లేను." అయితే ఆ పొద్దున నేను నోరు విప్పకపోతే రెండో మూట కూడా డబ్బాలోకి వెళ్ళేదనీ, ఆ గంట రెండు గంటలయితే బిడ్డ కూడా దక్కేది కాదనీ అన్నారు. వెళ్ళేటప్పుడు చిన్న సీసాలో టింక్చరు పోసి నా చేతికిచ్చారు. ఇకనుంచి ప్రతి తానుకీ కొస మీద చుక్క వేసి చూడటం నా పని అన్నారు.

ఇంటికొచ్చి చెబితే మా నాయనమ్మ ఆ పూట పొయ్యి వెలిగించలేదు. తర్వాత బతికినన్నాళ్ళూ ఆసుపత్రి గుడ్డ మరొకరిని ముట్టనివ్వకుండా తనే కాలవలో నడుములోతు దిగి జాడించింది. చుక్క వేసేటప్పుడు నా పక్కనే నిలబడి, రంగు తేలేదాకా ఊపిరి బిగబట్టేది.

నాకిప్పుడు ఎనభై దాటి చాలాకాలమైంది. తొమ్మిదేళ్ళ పిల్లని ఊరుకోబెట్టడానికి ఒక అబద్ధం చెప్పడం నర్సమ్మగారికెంతసేపు? చెప్పలేదు. అందుకు ఆవిడ ఏ లోకంలో ఉన్నా దణ్ణం పెట్టుకుంటాను. దేవుడి ముందు కూర్చున్నప్పుడు ముందు కోరికలు చెప్పను. ఏ రోజు చేసిన తప్పులు ఆ రోజు చెబుతాను, ఎవరికీ కనపడనివైతే మరీ ముందు. తర్వాత ఆ తల్లిని తలుచుకుంటాను. పేరు అడగలేదు కనక, లంకలోంచి వచ్చిన అమ్మ అనే అంటాను. ఆమె కూతురు ఎక్కడుందో తెలియదు. ఉంటే నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. నా వయసు ఎవరైనా అడిగితే, జవాబు చెప్పేలోగా ఆమె వయసు లెక్కపెట్టుకుంటాను.