జయరాజు సారు కట్టించిన గోడ

జయరాజు సారుకు బొమ్మలంటే పిచ్చి, చెరువులంటే అంతకు మించిన పిచ్చి. ఒక్క మనిషికి ఈ రెండూ ఉంటే ఇల్లు గుల్లవుతుందని భార్య ప్రమీల ఎప్పుడో తేల్చేసింది.

చాలా ఏళ్లు మిషన్ స్కూల్లో డ్రాయింగ్ చెప్పాడు. డ్రాయింగ్ పీరియడ్ అంటే లెక్కల సారు లాగేసుకునే పీరియడ్ కదా. మిగిలిన అరకొర గంటల్లోనే పిల్లల్ని బయటికి తీసుకుపోయి చెట్లూ పిట్టలూ గీయించేవాడు. సెలవులొస్తే ములుగు బస్సెక్కి, అడవి పల్లెల్లో మోదుగుపూల రంగు తీయించి గోడలకు బొమ్మలేయించేవాడు. ఎక్కడైనా చెట్టు కొట్టబోతున్నారంటే, పిల్లలతో ఆ చెట్టు బొమ్మ వేయించి ఆఫీసులకు మోసుకెళ్లేవాడు. అక్కడి అధికారులు బొమ్మ బాగుందనేవాళ్లు. చెట్టు ఎలాగూ పోయేది.

రిటైరయ్యాక ప్రాణమంతా తుంగకుంట మీద పెట్టుకున్నాడు. మట్టెవాడలో వాళ్ల బస్తీ వెనకే ఉన్న చిన్న కుంట అది. చలికాలం కొంగలొచ్చేవి, నీటికోళ్లొచ్చేవి. బస్తీ మాత్రం ఇంటి చెత్తంతా అందులోనే పారబోసేది. గోడ కడితే చెత్త ఆగుతుంది, ఆ గోడ మీద పిల్లలు కుంట బొమ్మ వేస్తే బస్తీకి కుంట మీద ప్రేమ పుడుతుంది. ఇదీ సారు లెక్క. మున్సిపల్ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి గోడ సాధించాడు. నడుమెత్తు చాలన్నాడు ఇంజినీరు. బొమ్మకు చోటు సరిపోదని సారు పట్టుబట్టి, మనిషి తల దాటేలా కట్టించాడు.

ఆ వేసవంతా గోడ ముందు జాతరే. బస్తీ పిల్లలంతా ఒళ్లంతా రంగులు పూసుకున్నారు. ఇడ్లీ బండి యాకమ్మ కూతురు తేజస్వి తెల్లకొంగను గీసింది. ఒంటికాలి మీద నిలబడి చేప కోసం చూస్తున్న కొంగ. సారు దాని మీద ఒక్క గీత కూడా దిద్దలేదు. చెత్త ఆగింది. పేపర్లో ఫొటో పడింది, సారుకు శాలువా కప్పారు. పెళ్లి ఫొటోలు కూడా అక్కడే దిగడం మొదలుపెట్టారు. మెచ్చుకోళ్లకు సారు కూడా కాస్త ఉబ్బాడు, ఎందుకు దాచడం! అందరూ గోడనే చూశారు. అవతల నీళ్లను ఎవరూ చూడలేదు, సారుతో సహా.

వానలు వెళ్లాక ఒక పొద్దున గోడ మీదుగా ఎర్రదుమ్ము లేస్తుంటే, సారు స్టూలు వేసుకుని ఎక్కి చూశాడు. సగం కుంట లేదు. అటువైపు రోడ్డు నుంచి లారీలు వరసగా వచ్చి, పట్టపగలే మట్టి దించుతున్నాయి.

సారు మళ్లీ ఆఫీసుకు పరిగెత్తాడు. చూడ్డానికి వచ్చిన అధికారులు కారు దిగి, గోడ ముందు ఫొటోలు తీసుకుని, "కుంట బ్రహ్మాండంగా ఉంది సార్" అని వెళ్లిపోయారు. ఒళ్లు మండిపోయింది ఆయనకు. గోడ అడ్డం లేకుంటే బస్తీ అయినా చూసేది, ఓ నలుగురైనా లారీలకు అడ్డం పడేవాళ్లు. పక్కింటి గడ్డపార తీసుకుని వచ్చాడు. ప్రమీల చెయ్యి పట్టుకుని లాగినా ఆగలేదు.

మొదటి దెబ్బకే పెచ్చు ఊడింది. చప్పుడుకు యాకమ్మ బండి వదిలేసి ఉరికొచ్చింది. వెనకే బస్తీ అంతా.

"ఏం జేస్తాండ్రు సార్? మా బిడ్డ ఏసిన కొంగ గది! మీకు చేతులెట్ల వస్తానయ్?"

"గోడవతల జర చూడు యాకమ్మా. కుంటను పూడుస్తాండ్రు. గిది కూలగొడ్తె అందరికి కనవడ్తది."

"పూడిస్తె పూడ్వనియ్యుండ్రి సార్. దోమలన్న పోతయ్. మా పిల్లల బొమ్మలు మాత్రం ముట్టకుండ్రి."

ఎవరూ ఆమెను కాదనలేదు. అందరూ గోడకు ఆనుకుని వరసగా నిలబడ్డారు. ఇలా కుంట కోసం నిలబడాలనే కదా ఆయన ఇన్నాళ్లూ కోరుకున్నది! సారుకు దుఃఖం ఆగలేదు, అందరి ముందే ఏడ్చాడు. యాకమ్మ ఆయన చేతిలోంచి గడ్డపార మెల్లగా తీసుకుంది.

"ఫికర్ జెయ్యకుండ్రి సార్," అంది, ఊడిన పెచ్చు కోసమే ఏడుస్తున్నాడనుకుని. "జర సిమెంటు పెట్టి మల్ల రంగేద్దాం. పిల్లలకు మీరే నేర్పాలె."

అవతల ఇంకో లారీ మట్టి దించింది. సారు కళ్లు తుడుచుకుని సరేనన్నాడు.