నాలుగు కిలోమీటర్ల నమూనా

సెల్‌ఫోన్ కొత్తగా చేతికొచ్చిన ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఏదైనా ఎదురైతే ఫోన్ తీసి పైపైన ఒక వాక్యం చదివేవాణ్ణి. రెండో వాక్యం అవసరమయ్యేంత మందబుద్ధిని కానని నా నమ్మకం. ఆర్మూరులో దుకాణాల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. మా నాన్నది రైతుల పసుపు అమ్మిపెట్టే అడితి, ఆయన తమ్ముడు, అంటే మా చిన్నాయనది పక్కనే గోనె సంచుల షాపు. బేరంలో నన్ను మించినవాడు లేడని ఇరవై నాలుగేళ్ళకే పేరు తెచ్చుకున్నాను (ఆ పేరు పెట్టింది ఎక్కువగా నేనే). ఆ తెలివినంతా తీసుకెళ్ళి ఒక ఆడపిల్ల కాళ్ళ మీద ప్రయోగించిన సంగతి రాస్తుంటే, గదిలో ఎవరూ లేకపోయినా తల వంగుతోంది.

చిన్నాయన కూతురు, నాకు చెల్లె, అడవుల శాఖలో బీట్ ఆఫీసరు ఉద్యోగానికి రాత పరీక్ష పాసైంది. మా రెండిళ్ళలో తక్కెడ పట్టని ఉద్యోగానికి అంత దగ్గరగా వెళ్ళిన మొదటి మనిషి తనే. ఇక మిగిలింది నడక పరీక్ష. ఆడవాళ్ళు నాలుగు గంటల్లో పదహారు కిలోమీటర్లు నడవాలి. రోజూ పొద్దున్నే ఆలూరు రోడ్డు మీద తను ముందు నడిచేది, వెనక స్కూటీ మీద నేను, కోచ్‌గా (కోచ్ కూడా నడవాలని నాకెవరూ చెప్పలేదు). నెల తిరక్కముందే పదహారు కిలోమీటర్లూ మూడు గంటల నలభై ఐదు నిమిషాల్లో నడిచేసి, ఇంటికొచ్చి వాళ్ళమ్మతో మామూలుగా కబుర్లు చెప్పింది. అక్కడితో నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ మిగులు పదిహేను నిమిషాలేనా? అంత సన్నటి మార్జిన్ మీద మా వీధిలో ఎవరూ ఉప్పు కూడా అమ్మరు.

ఫోన్ తీశాను. కిలోమీటరు దూరం నడిచినా, పరుగెత్తినా ఒంట్లో ఖర్చయ్యే శక్తి ఇంచుమించు ఒకటే అని మొదటి వాక్యంలోనే ఉంది. నా కళ్ళు మెరిశాయి. ఖర్చు అదే, సమయం సగం. సరుకు అదే ధరకు ఇస్తూ ఇంటికి తెచ్చి దింపుతానంటే నడిచిపోయి తెచ్చుకునే పిచ్చివాడెవడు? హాల్ టికెట్ వెనక షరతులన్నీ చదివాను. పరుగెత్తకూడదని ఎక్కడా లేదు.

అయినా నేను గుడ్డిగా దిగే మనిషిని కాను. మా దగ్గర పసుపు కొనేవాడు రాశిలోంచి ఒక కొమ్ము తీసి పుటుక్కున విరిచి, లోపలి రంగు చూసి, రాశి మొత్తానికి ధర కడతాడు. నేనూ అదే చేశాను. చెల్లెను నాలుగు కిలోమీటర్లు పరుగెత్తించి చూశాను. ఇరవై ఎనిమిది నిమిషాలు. దాన్ని నాలుగుతో గుణిస్తే రెండు గంటలు కూడా కాలేదు. విరిచిన కొమ్ము బంగారంలా ఉంది, ఇక రాశి గురించి అనుమానమేముంది? చెల్లె మాత్రం, అలవాటైన నడకే నడుస్తానని రెండు మూడు సార్లు మెల్లగా అంది. నీకు వ్యాపారం తెలియదని కొట్టిపారేశాను.

అడితిలో బస్తాలు మోసే ముసలి చాచా ఒకాయన ఉండేవాడు. నా పథకం హమాలీలకు వినిపిస్తుంటే ఆయన బీడీ ఆర్పి, “చిన్న సేట్, గిన్నేండ్ల సంది చూస్తున్నవు గద, బస్తా ఎత్తుకున్నోడు ఎప్పుడన్న ఉరికిండా?” అన్నాడు. ఆమె వీపు మీద బస్తా లేదు కదా అని నేను నవ్వాను. ఆయన కూడా నవ్వి, “ఒళ్ళు బస్తా కాదా బేటా?” అని లేచి వెళ్ళిపోయాడు. చాచా దగ్గర ఫోన్ లేదు, పాపం అనుకున్నాను.

పరీక్ష రోజు పొద్దున, పొట్ట బరువైతే పరుగు సాగదని చెల్లెను ఇడ్లీ కూడా ముట్టనీయలేదు. తనను మొదలుపెట్టే చోట దింపి, నేను చివర గీత దగ్గర నిలబడ్డాను. చేతిలో చామంతి దండ (బేరం చేసే కొన్నాను). పరీక్ష మొదలై రెండు గంటలైంది, రాలేదు. మూడు గంటలైంది, రాలేదు. మూడున్నర దాటాక నింపాదిగా మాట్లాడుకుంటూ నడిచిన అమ్మాయిలు ఒక్కొక్కరే వచ్చి గీత దాటుతున్నారు. ఇందల్వాయి నుంచి వచ్చిన ఒకమ్మాయి, పిక్కలు పట్టేసి ఎవరో తొమ్మిదో కిలోమీటరు దగ్గర కూర్చుండిపోయిందని, లేచి పది అడుగులు వేసి మళ్ళీ కూర్చుంటోందని పక్కవాళ్ళతో చెబుతుంటే విన్నాను. దండ వెనక్కి దాచాను.

మొదలైన నాలుగు గంటల ఆరు నిమిషాలకు వచ్చింది. గడియారం చూసే ఆయన అప్పటికే కాగితం మడిచేశాడు. చెల్లె కుంటుతూ నా దగ్గరికొచ్చి, ఏడవకుండా, చాలా మామూలుగా, “నడుస్తనంటి గదన్నా” అంది. ఆ ఒక్క మాటే.

నేను నిజంగా సిగ్గుపడాల్సింది ఇంకా ఉంది. ఇంటికి రాగానే చిన్నాయన, “పిల్లకు దమ్ము సాలలే, ఏం జేస్తం” అన్నాడు. అంతా నావైపు చూశారు. పథకం నాదని, తిండి మాన్పించింది నేనని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. నేను ఆ నిమిషంలో నీళ్ళు తాగాను. చెల్లె కుంటుతూ లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు కొట్లో కూర్చుని ఆ ఫోన్‌లోని మిగతా వాక్యాలు చదివాను. నడకలో ఒళ్ళు లోలకంలా ఊగుతుందట, ఒక అడుగులో పెట్టిన శ్రమలో కొంత తర్వాతి అడుగుకు తిరిగి అందుతుందట. పరుగులో ప్రతి అడుగుకూ మనిషంత బరువునూ గాల్లోకి లేపాలి, కాబట్టి అదే దూరానికి ఖర్చు ఎక్కువే. పైగా తాపీగా నడిచేవాడికి గోదాములో ఉన్న కొవ్వు చాలావరకు సరిపోతుంది, ఉరికేవాడు గల్లాపెట్టెలో ఉన్న చక్కెరను గబగబా ఊడ్చేస్తాడు. ఆ గల్లాపెట్టెను పొద్దున్నే నింపనీయనివాణ్ణి నేనే. మొదటి వాక్యంలోని ‘ఇంచుమించు’ అన్న మాటను నేను లెక్కలోకే తీసుకోలేదు. అదే మాట రైతు నోట వస్తే గంటసేపు నిలదీసేవాణ్ణి.

నోటితో చెప్పలేనిది చేతులతో తీర్చుకోవాలనుకున్నాను. ఆ నెల నుంచి రోజూ పొద్దున్నే చిన్నాయన షాపు తలుపులు నేనే తీసి, ఊడ్చి, సంచుల కట్టలు బయట పేర్చి, ఆ తర్వాతే మా అడితికి వెళ్ళేవాణ్ణి. ఎందుకని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. అలా మూడేళ్ళు పైనే గడిచాయి. మళ్ళీ ఉద్యోగాలు పడ్డాయి. చెల్లె మళ్ళీ రాసింది, ఈసారి నడక పరీక్ష రోజు ఎప్పుడో నాకు చెప్పలేదు. కడుపునిండా తిని వెళ్ళి, మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా నడిచి, ఇంకా పావుగంట ఉండగానే గీత దాటింది. ఇప్పుడు సిరికొండ వైపు అడవిలో పని చేస్తోంది.

ఆర్డరు కాగితం వచ్చిన రోజు ఇంటినిండా మిఠాయిలు. ఇక చెప్పినా ఎవరూ కొట్టరనే ధైర్యంతో (ఒప్పుకోవడాన్ని కూడా చవకగా దొరికినప్పుడే కొన్నానని నాకు తెలుసు) చిన్నాయనను పక్కకు పిలిచి, అప్పటి తప్పు నాదేనని చెప్పాను. ఆయన జిలేబీ నమిలి మింగాక, “నాకు ఎర్కే. గా దినమే పిల్ల అందరికి జెప్పింది, అన్నను ఏమనకుండ్రి, మస్తు ఫికర్ చేస్తున్నడని” అన్నాడు.

మరి ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదన్నాను.

“అడిగితే నువ్వు షాపు తెరుస్తుంటివా?” అన్నాడు చిన్నాయన.

ఎదురుగా కూర్చున్న చెల్లె ప్లేటులోంచి తల ఎత్తలేదు గానీ నవ్వుకు భుజాలు కదులుతున్నాయి. ఇంటిల్లిపాదిలో తనే తెలివైనవాడినని స్కూటీ మీద తిరిగిన ఆ కుర్రాడు గుర్తొస్తే ఇప్పుడు కోపం రాదు. వాడి పరువు నిలబెట్టడానికి ఒక కుటుంబం కుటుంబమంతా అన్నేళ్ళు ఏమీ తెలియనట్టు నటించిందే అని సిగ్గేస్తుంది. ఆ సిగ్గు పూర్తయ్యేలోపు ఎక్కడినుంచో కాస్త నవ్వు కూడా వస్తుంది.